ఏడు సీట్ల బండి: నేను మెచ్చుకునేది డిక్కీ తలుపునే

మైలేజీ, ఇంజిన్ సంగతులు ఇందులో ఉండవు, అవి అందరికీ తెలిసినవే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఈ డీజిల్ బండిని ఏళ్ల తరబడి వాడాక నేను నలుగురికీ చెప్పుకునేది ఒక్కదాని గురించే: పైకి లేచే డిక్కీ తలుపు.

మాది హన్మకొండ. వానలు పడితే బొగత, కుంటాల జలపాతాలు. ఎండలు తగ్గితే పాండవుల గుట్టలు, రామప్ప, లక్నవరం. బండిలో అమ్మ, అత్తమ్మ, పిల్లలు, కుదిరితే అక్కాబావలు. బయటి తిండి అమ్మకు పడదు. అందుకని సర్వపిండి, పులిహోర, చాప, నీళ్ల క్యాను లేనిదే బండి కదలదు.

రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రాతి బొమ్మలు 1990లో బయటపడ్డాయి. గుహల గోడల మీద ఎర్ర రంగుతో ఆదిమానవులు వేసిన బొమ్మలు చూడాలంటే బండల మీదుగా ఎక్కాలి, అది అమ్మ మోకాళ్లతో అయ్యే పని కాదు. మేం ఎక్కి దిగేదాకా ఆమె ఆ తలుపు నీడలో, డిక్కీ అంచు మీద కాళ్లు వేలాడేసుకుని ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చుంటుంది. బొగతలో ఇంకో ఉపయోగం. ఆదివారం జనంలో ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడం ఎంత తిప్పలో వెళ్లినవాళ్లకు తెలుసు. తలుపు రెండు అంచులకూ దుప్పటి చుట్టి, బట్టల క్లిప్పులు పెడితే గది తయారు. (వాగు ఉధృతంగా ఉంటే నీళ్లలోకి దిగనివ్వరు, ఆ రోజు దుప్పటితో పనే ఉండదు.)

ఇంతగా మెచ్చుకున్న తలుపే కుంటాలలో పరువు తీసింది. 147 అడుగుల జలపాతం చూసి, అన్ని మెట్లూ తిరిగి ఎక్కి పైకొచ్చేసరికి పిల్లలు ఆకలికి నకనకలాడుతున్నారు. వాన మొదలైంది. తలుపు లేపాం, నిలబడింది. అక్క ప్లేట్లు పరిచి పులిహోర వడ్డిస్తుంటే అది చప్పుడు చేయకుండా జారుకుంటూ వచ్చి బావ భుజం మీద వాలింది. మళ్లీ లేపితే మళ్లీ దిగింది. చివరికి బావ ఒక చేత్తో తలుపు మోస్తూ, ఇంకో చేత్తో తిన్నాడు. "అల్లుడికి మంచి మర్యాదే చేస్తున్నరు" అని ఆయన అంటే అత్తమ్మకు నవ్వు ఆగలేదు. పక్కన మక్క కంకులు కాలుస్తున్న అవ్వ ఒక కర్ర ఇచ్చింది, దాన్ని కింద ఊతం పెట్టి మిగతావాళ్లం తిన్నాం.

ఊరికొచ్చాక ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే తలుపు కబ్జాలతో (మడత బందులతో) సహా మార్చాలని పెద్ద లెక్క చెప్పారు. ఇంకో మెకానిక్ తలుపును పైకి నిలిపే రాడ్డు మీద వేలితో తుడిచి, అంటిన నూనె చూపించాడు. తలుపుకు రెండు పక్కలా ఉండే ఈ డిక్కీ షాకర్లలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్, కాస్త నూనె ఉంటాయట. సీల్ అరిగితే గ్యాస్ మెల్లగా పోతుంది. వాతావరణం చల్లబడితే మిగిలిన గ్యాస్ ఒత్తిడి కూడా తగ్గుతుంది. ఎండలో పాండవుల గుట్టల దగ్గర బుద్ధిగా నిలబడ్డది వానలో ఎందుకు జారిందో అప్పుడు అర్థమైంది. రెండూ ఒకేసారి మార్చాలి, ఒక్కటే మారిస్తే తలుపు ఒక పక్కకు గుంజుతుంది అన్నాడు. రెండూ మార్పించాను. కబ్జాలు పాతవే, ఏ ఇబ్బందీ లేదు.

తలుపు గొడుగులా పనికొస్తుందని తెలిసినవాళ్లందరికీ చెప్తుంటాను గానీ, నిలువు వానకైతేనే ఆ మాట. గాలివాన కొడితే సర్వపిండి నానిపోతుంది. పైగా తడిసిన తలుపు లేపగానే దాని మీద నిలిచిన నీళ్లు కారి మెడ మీద పడతాయి. ఇంకోటి, ఈ వైభోగమంతా చివరి వరస సీట్లు మడిస్తేనే. మడిస్తే అది ఐదు సీట్ల బండి. అక్కావాళ్లు వచ్చినప్పుడు చివరి వరస తెరవక తప్పదు, చాప, క్యాను పిల్లల ఒళ్లోకి వెళ్తాయి.

కొత్త షాకర్లు గట్టిగా ఉన్నాయి. ఎంత గట్టిగా అంటే, పైకి పోయిన తలుపు అమ్మకు అందదు, అందినా లాగలేదు. లోపలి పిడికి నవారు ముక్క కట్టాను, దాన్ని పట్టుకుని వేలాడితే దిగుతుంది. మా ఇంట్లో నేనూ బావా పొడుగు కాబట్టి నడిచిపోతోంది. మీ ఇంట్లో బండి ఎక్కువగా పెద్దవాళ్ల చేతిలో ఉండేదైతే, కొనేముందు వాళ్లనే వెంట తీసుకెళ్లి ఆ తలుపు వేయించి చూడండి.