సుప్రీంకోర్టు పదాల పట్టిక తెలుగు డెస్కుకు పనికొస్తుందా?

సుప్రీంకోర్టు 'హ్యాండ్‌బుక్ ఆన్ కంబాటింగ్ జెండర్ స్టీరియోటైప్స్' 2023 ఆగస్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్ విడుదల చేసిన ముప్పై పేజీల ఇంగ్లిషు పీడీఎఫ్. దొరికేది ఉచితంగానే. ఆడవాళ్ల గురించి పాతబడిన, చులకన మాటలు తీర్పుల్లోకి రాకుండా జడ్జీల కోసం, వకీళ్ల కోసం తయారుచేశారు. క్రైమ్ వార్తలు దిద్దేవాళ్లకు, ఎఫ్ఐఆర్‌లు అనువదించేవాళ్లకు మాత్రం అసలు సరుకు అందులోని పట్టికే. ఒక వరసలో వాడకూడని మాట, పక్కన వాడాల్సింది.

పట్టిక బలమంతా కొట్టివేతలో ఉంది. 'కెరీర్ వుమన్' బదులు వుమన్, 'పెళ్లికాని తల్లి' బదులు తల్లి, 'రెచ్చగొట్టే దుస్తులు' బదులు దుస్తులు. విశేషణం పోయినా వార్తలో సమాచారం పోదు. ఇంతవరకు తెలుగులోనూ నేరుగా నడుస్తుంది.

మాటకు మాట మార్చాల్సిన చోటే చిక్కు. హౌస్‌వైఫ్ వద్దు, హోమ్‌మేకర్ అనమంటుంది. మనకు రెండూ గృహిణే, వదిలేయండి. 'కీప్' (ఉంపుడుగత్తె) సంగతి వేరు. 2010లో సుప్రీంకోర్టు తీర్పులోనే ఆ మాట పడితే, అప్పటి అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ కోర్టులోనే అభ్యంతరం చెప్పారు. దానికి పట్టిక ఇచ్చిన బదులు మాట కాదు, ఓ వాక్యమంత పొడుగు. రెండు కాలమ్‌ల హెడ్డింగులో పట్టదు. 'ఉంపుడుగత్తె' కొట్టేసి 'అతనితో సంబంధం ఉన్న మహిళ' అంటే సరిపోతుంది.

'అక్రమ సంబంధం' ఇంకా తప్పు. దాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 497ను 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టేశాక అది నేరమే కాదు, అక్రమం ఎక్కడిది? 'వివాహేతర సంబంధం' అనండి.

'చెరిచాడు', 'మానభంగం' మాటలకూ దారి ఇందులోనే ఉంది: జరిగింది లైంగిక వేధింపా, దాడా, అత్యాచారమా తేల్చి రాయమంటుంది. ఎఫ్ఐఆర్ చూడకుండా ఈ మాట మార్చకూడదు. మారిస్తే వేధింపు కేసు కాస్తా అత్యాచారం కేసైపోతుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 74లో మాత్రం 'మోడెస్టీ' (స్త్రీ మర్యాద) అన్న మాట ఇంకా ఉంది. సెక్షన్ పాఠం ఉటంకిస్తే దిద్దకుండా కొటేషన్లలో పెట్టాలి.

ఫైండ్-రీప్లేస్ నొక్కితే విభక్తులు చెడతాయి: 'ఉంపుడుగత్తెతో' కాస్తా 'మహిళతో' కాకుండా 'మహిళతెతో' అవుతుంది, సగం మాటే వెతికితే.

గొడ్రాలు, ముండమోపి, మగరాయుడు లాంటివి ఇందులో దొరకవు. పట్టిక ప్రింటు తీసి, పక్కన మూడో గడి గీసి, అవి మీరే రాసుకోవాలి.