పాండాస్‌లోనే ఉండాలా, పోలార్స్‌కి మారాలా?

పైథాన్‌లో పట్టికల డేటా అంటే ముందు గుర్తొచ్చేది 2008లో మొదలైన పాండాస్ లైబ్రరీ. అదే పని చేసే పోలార్స్ 2020లో వచ్చింది, దాన్ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు.

మెమరీ: అసలు తేడా ఇక్కడే. పాండాస్ మామూలుగా సీఎస్‌వీ ఫైల్ మొత్తాన్నీ ర్యామ్‌లోకి లాగేస్తుంది. డేటాకు 5 నుంచి 10 రెట్లు ర్యామ్ ఉంచుకోమని పాండాస్‌ను తయారుచేసిన వెస్ మెకినీయే 2017లో రాశారు. పోలార్స్ లేజీ పద్ధతిలో మీ క్వెరీ అంతా ముందే చూసి, అవసరమైన కాలమ్‌లు, వరుసలే తెస్తుంది. అయితే ఫైల్ తెరవడానికి రీడ్ సీఎస్‌వీ (read_csv) ఫంక్షన్ కాదు, స్కాన్ సీఎస్‌వీ (scan_csv) వాడాలి. చాలామంది ఇది మర్చిపోయి, లాభం లేదంటారు!

వేగం: పోలార్స్ ప్రాసెసర్‌లోని అన్ని కోర్లనూ వాడుకుంటుంది. పాండాస్ ఎక్కువగా ఒక్కదానితోనే నెట్టుకొస్తుంది.

శ్రమ: పోలార్స్‌లో ఇండెక్స్ (పాండాస్‌లో వరుసలకు ఉండే గుర్తులు) ఉండదు, పాత కోడ్ తిరగరాయాలి. ఇది చిన్న పని కాదు.

రిస్క్: కొన్ని లైబ్రరీలు ఇప్పటికీ పాండాస్‌నే అడుగుతాయి. టు పాండాస్ (to_pandas) ఫంక్షన్‌తో పోలార్స్ డేటాను మార్చొచ్చు, కానీ మిగుల్చుకున్న మెమరీ అక్కడ పోవచ్చు.

ఫైల్ ర్యామ్‌లో హాయిగా పడితే పాండాస్ చాలు. కాస్త ఇరుకైతే, పదేపదే వచ్చే పదాల కాలమ్‌లను కేటగిరీ (category) రకంగా మార్చి చూడండి. ర్యామ్‌కి మించిన ఫైళ్లతో కొత్త ప్రాజెక్టైతే నేరుగా పోలార్సే.