ఇంజన్ దించకుండా కాపాడిన కంప్రెషన్ గేజ్: మూడేళ్లు వాడాక

నాన్న పోయాక మా మారుతి 800, పాత కార్బురేటర్ బండి, తెనాలి ఇంట్లో రేకుల షెడ్డు కింద ఆరేళ్లు కదలకుండా ఉండిపోయింది. చూడటానికి వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, సెల్ఫ్ కూడా కొట్టకుండానే "బోరు పోయుంటుందండీ, ఇంజన్ దించాల్సిందే" అన్నాడు (బోరంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ). ఆ మాట మీద కోపంతోనే 1,200 రూపాయలు పెట్టి, సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలిచే ఈ గేజ్ కొన్నాను. డబ్బాలో ఏమేం వస్తాయో అమ్మేవాళ్లే రాస్తారు, వదిలేస్తున్నా.

ముందు ప్లగ్గుల కన్నాల్లో కాస్త ఇంజన్ ఆయిల్ పోసి రెండ్రోజులు ఉంచాను. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పితే తిరిగింది. ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ కొట్టి ఆ ఆయిల్ బయటికి చిమ్మించి (ఒక చొక్కా పోయింది), అప్పుడు ఒక్కో ప్లగ్గు కన్నంలో గేజ్ బిగించాను. స్పార్క్ రాకుండా కాయిల్ వైరు పీకేసి, తమ్ముడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే, మూడు సిలిండర్లకూ వరసగా 110, 60, 115 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) చూపించింది. బాగున్న ఇంజన్‌లో 150 దాకా రావాలి. ఆ 60 చూసి మెకానిక్ మాటే నిజమనుకున్నా.

ఒక్కో కన్నంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే ఒకటి, మూడు సిలిండర్లు 145కి లేచాయి. రెండోది 65 దగ్గరే ఆగిపోయింది. పోసిన ఆయిల్ పిస్టన్ రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది. కాబట్టి అంకె లేస్తే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు, లేవకపోతే వాల్వుల దగ్గరో హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) దగ్గరో వెతుక్కోవాలి. హెడ్ ఒక్కటే దించి చూస్తే రెండో సిలిండర్లో ఎగ్జాస్ట్ వాల్వు సీటు తుప్పు పట్టి ఉంది. ఆరేళ్లూ అది తెరుచుకునే ఉన్నట్టుంది. వాల్వులు గ్రైండ్ చేయించాం. అతుక్కుపోయిన రింగులు బండి నడవగా నడవగా వదులయ్యాయి. రెండు నెలలకు మూడూ 150 చుట్టుపక్కలకు వచ్చాయి. ఆ రోజుల్లో ఎవరు కనబడినా ఈ గేజ్ కొనమనేవాణ్ణి.

పోయిన వేసవిలో ఊరికే చూద్దామని బిగిస్తే మూడూ 95! బండి మాత్రం హాయిగా లాగుతోంది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తీరా చూస్తే గొట్టం కొసన గాలి వెనక్కి పోకుండా ఆపే చిన్న వాల్వు పిన్ను లీకవుతోంది. టైరు పిన్నులాగే ఉంది కదా అని పంక్చర్ షాపులో ఒకటి తెచ్చి వేస్తే 120 దగ్గర ఆగింది. టైరు పిన్నులో స్ప్రింగు గట్టిది, దాన్ని తెరవడానికే కొంత ఒత్తిడి పోతుంది. గేజ్‌కి మెత్తటి స్ప్రింగుదే వేయాలి. అది వేశాక మళ్లీ 150.

అప్పట్నుంచి మొదటి రోజు చూసిన 60 నిజంగా 60యేనా అని అనుమానం. ఆ రోజు బ్యాటరీ కూడా నీరసంగా ఉంది, సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే అంకె తగ్గుతుంది. ఇప్పుడు అంకెను పట్టించుకోను. సిలిండర్ల మధ్య తేడా, ఆయిల్ పోయకముందు పోశాక తేడా, అవే చూస్తున్నా. క్రాంక్ బేరింగులు అరిగాయో లేదో ఇది చెప్పదు, దానికి ఆయిల్ ప్రెషర్ విడిగా చూపించుకున్నాను.

నాకు ఆదివారాలు ఖాళీ, తొక్కి పట్టుకోవడానికి తమ్ముడున్నాడు, పైగా అది రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే బండి కాదు. మీదీ అదే పరిస్థితి అయితే కొనండి. గేజ్‌తో పాటే మెత్తటి పిన్నులు రెండు అదనంగా తెప్పించుకోండి, మా ఊళ్లో దొరక్క నాకు వారం పట్టింది.