ప్లే నొక్కేముందు ఒక్క గెస్ వేయండి: కదిలే గ్రాఫులతో నా లాంగ్ టర్మ్ రివ్యూ

గ్యాప్‌మైండర్ బబుల్ చార్ట్‌ని ఏళ్లుగా వాడుతున్నా, ఇంకా బోర్ కొట్టలేదు. ఇంటరాక్టివ్ విజువలైజేషన్లు బోలెడు చూశాను, చాలావరకు ఒకసారి అటూ ఇటూ కదిపి మూసేసేవే, మళ్లీ మళ్లీ తెరిచేవి నాలుగైదు మాత్రమే, వాటిలో ఫస్ట్ ప్లేస్ దీనిదే.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. ఒక్కో బుడగ ఒక్కో దేశం, బుడగ సైజు జనాభా, అడ్డంగా తలసరి ఆదాయం, నిలువుగా ఆయుర్దాయం. ప్లే నొక్కితే 1800 నుంచి ఇప్పటిదాకా దేశాలన్నీ కదులుతాయి. స్వీడన్ డాక్టర్ హాన్స్ రోస్లింగ్ 2006లో టెడ్ స్టేజ్ మీద ఇలాంటి బుడగల్నే చూపిస్తూ, మ్యాచ్ కామెంటరీ చెప్తున్నంత హుషారుగా మాట్లాడారు. ఆ సాఫ్ట్‌వేర్‌ని 2007లో గూగుల్ కొనేసింది.

కానీ ప్లే నొక్కి కూర్చుంటే సగం మజా పోతుంది. కింద ఉండే ఏడాది స్లైడర్‌ని చేత్తో పట్టుకుని 1917 నుంచి 1919 దాకా మెల్లగా లాగి చూడండి, బుడగలు గుంపులు గుంపులుగా కిందకి జారిపోయి మళ్లీ పైకొస్తాయి, అదీ 1918 నాటి మహమ్మారి స్పానిష్ ఫ్లూ అంటే. 1960 దగ్గర ఆపితే చైనా బుడగ, అంత పెద్దది, కరువు దెబ్బకి కిందకి పడిపోయి ఉంటుంది. 1994 నరమేధంలో రువాండా పడే పాటు చూస్తే మాట రాదు. ఇవన్నీ టేబుల్‌లో పెడితే ఒక అంకె తగ్గినట్టు మాత్రమే కనిపిస్తుంది, మనం అసలు ఆగి చూడం కూడా.

ఇంకో పని చేయండి. ఆదాయం స్కేల్ మామూలుగా లాగ్‌లో ఉంటుంది, అంటే సమానమైన ఒక్కో గడికీ ఆదాయం రెట్టింపు అవుతూ పోతుంది. దాన్ని లీనియర్‌కి మార్చండి. పేద దేశాలన్నీ ఎడమ అంచుకి అతుక్కుపోయి ఒకదాని మీద ఒకటి పడతాయి, వాటి మధ్య ఉన్న తేడాలే కనిపించవు. డేటా అదే, స్కేల్ ఒక్కటే మారింది. గ్రాఫ్ చదవడం నేర్పాలంటే నేను మొదట చూపించేది ఇదే.

దీనికో పెద్ద లిమిట్ ఉంది, దేశం మొత్తం ఒకే బుడగ కాబట్టి లోపల ఉన్నోడికీ లేనోడికీ తేడా తెలీదు. ఆ లోటు తీర్చడానికి గ్యాప్‌మైండర్ సంస్థ వాళ్లదే డాలర్ స్ట్రీట్ అనే సైట్ ఉంది, రకరకాల దేశాల ఇళ్ల ఫొటోల్ని నెల ఆదాయం వరసలో పెట్టారు. టూత్ బ్రష్ అనో పొయ్యి అనో సెలెక్ట్ చేస్తే చాలు, దేశం వేరైనా ఆదాయం దగ్గరగా ఉన్నవాళ్ల ఇళ్లు ఎంత ఒకేలా ఉంటాయో చూసి ఆశ్చర్యపోతాం.

తర్వాత నాకు బాగా నచ్చింది పారబుల్ ఆఫ్ ది పాలిగన్స్. 2014లో వై హార్ట్, నిక్కీ కేస్ చేశారు, ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ మోడల్ ఆధారంగా. త్రిభుజాలూ చతురస్రాలూ కలిసి ఉంటాయి, ఎవరికీ ఎవరి మీదా ద్వేషం లేదు, చుట్టుపక్కల కనీసం మూడో వంతు నాలాంటి వాళ్లుంటే చాలు అంటాయి అంతే. అలా లేనిది మొహం మాడ్చుకుంటుంది, మీరు దాన్ని లాగి ఖాళీ గడిలో పెడతారు, ఇంకోటి మాడ్చుకుంటుంది, దాన్నీ జరుపుతారు, ఇలా జరుపుతూ జరుపుతూ పోతే చివరికి బోర్డంతా రెండు రంగుల పేటలుగా విడిపోయి ఉంటుంది. చేసింది మన చెయ్యే. అందుకే వ్యాసం చదివితే రాని నమ్మకం దీంతో వస్తుంది.

ఇన్నాళ్లు వాడాక నాకు తెలిసిందేంటంటే, ముందు మనతో ఏదో ఒకటి చేయించేవే మనసులో ఉంటాయి. న్యూయార్క్ టైమ్స్ 2015లో పెట్టిన యూ డ్రా ఇట్ దీనికి బెస్ట్ ఎగ్జాంపుల్. తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి పిల్లలు కాలేజీకి వెళ్లే అవకాశం ఎలా మారుతుందో ముందు మీరే గీత గీయాలి, గీశాకే అసలు గీత చూపిస్తారు. అది దాదాపు స్కేల్ పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. మనం గీసిన వంకరకీ దానికీ ఉన్న గ్యాప్ ఇక మర్చిపోలేం.

జాష్ వర్త్ చేసిన సౌరకుటుంబం పేజీ వేరే టైపు. చంద్రుడు ఒక్క పిక్సెల్, ఆ లెక్కన సూర్యుడి నుంచి పక్కకి స్క్రోల్ చేస్తూ పోవాలి, నల్లటి ఖాళీ, ఖాళీ, ఇంకా ఖాళీ. అందులో కాంతి వేగం బటన్ తప్పకుండా నొక్కండి, భూమి రావడానికి 8 నిమిషాల పైనే పడుతుంది. స్క్రీన్ అంత నత్తనడకన కదులుతుంటే, కాంతికే ఇంత టైమ్ పడుతుందా అని దూరం వేళ్లకి తెలుస్తుంది.

ఎర్త్ నల్‌స్కూల్ గాలి మ్యాప్ గురించి ఎక్కువ చెప్పను, అందంగా ఉంటుందని అందరికీ తెలుసు. అయితే చాలామంది నేలమట్టం గాలి చూసి వచ్చేస్తారు. మెనూలో ఎత్తుని 250 హెక్టాపాస్కల్స్‌కి మార్చండి (అక్కడ ఎత్తుని గాలి పీడనంతో చెప్తారు, పైకెళ్లేకొద్దీ అంకె తగ్గుతుంది), జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తులో జోరుగా వీచే గాలి ప్రవాహం, భూగోళం చుట్టూ పాములా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది, ఎక్కడ క్లిక్ చేస్తే అక్కడి వేగం చెప్తుంది. తుఫాను ఉన్న రోజైతే నేలమట్టానికి రండి, ఉత్తరార్ధగోళంలో సుడి ఎటు తిరుగుతుందో, దక్షిణంలో ఎటో ముందే అనుకుని అప్పుడు చూడండి.

ఫోన్‌లో మాత్రం వద్దు, ముఖ్యంగా గ్యాప్‌మైండర్. చిన్న దేశాల బుడగలు వేలి కిందే ఉండిపోతాయి. కంప్యూటర్‌లో మౌస్‌తో చూడండి.