గ్రిమ్స్‌బీలో ఫిష్ అండ్ చిప్స్, "ఏ బోటుదమ్మా ఇది?" అన్న నాన్న

మా నాన్నది ఉప్పాడ. ప్లేట్లో చేప పడితే చాలు, ముందు "ఏ బోటుదమ్మా ఇది?" అని అడుగుతారు, తర్వాతే చెయ్యి పెడతారు. మొన్న ఇక్కడికి వచ్చినప్పుడు లీడ్స్ నుంచి ఆయన్ని పనిగట్టుకుని ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రిమ్స్‌బీ తీసుకెళ్ళాను, ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద ఫిషింగ్ పోర్టుల్లో ఒకటి కదా, చేప ఇక్కడ తినకపోతే ఇంకెక్కడ తింటాం అని. డాక్స్‌కి దగ్గర్లో ఉన్న ఈ చిన్న షాపుకి నా రేటింగ్ 5కి 4.5.

ముందు తిండి సంగతి. హ్యాడక్ అండ్ చిప్స్ 13 పౌండ్లు. పైన పిండి పల్చగా, కరకరలాడుతూ ఉంది, ఫోర్క్ పెట్టగానే లోపల చేప తెల్లగా రేకులు రేకులుగా విడిపోయింది, ఆవిరి పైకి వచ్చింది. నాన్న వేళ్ళతో వెతికి వెతికి "ఒక్క ముల్లు లేదు" అన్నారు. చిప్స్ అంటే ఇక్కడ వేయించిన బంగాళాదుంప ముక్కలు, లావుగా, మెత్తగా ఉంటాయి, మాల్ట్ వెనిగర్ పోసుకుంటేనే రుచి. మషీ పీస్ (ఉడికించి మెదిపిన బఠాణీలు) మాత్రం చప్పగా ఉన్నాయి, కర్రీ సాస్ తియ్యగా ఉంది, ఆ రెండూ వద్దు. ఇంకో ముఖ్యమైన విషయం, ఈ ఏరియాలో చాలా చోట్ల బీఫ్ కొవ్వులో వేయిస్తారు, తినని వాళ్ళు ఆర్డర్ ఇచ్చే ముందే అడగండి. ఇక్కడ నూనెలో వేయించేది వేరే ఫ్రయర్ ఉంది, అడిగితే అందులో వేసిస్తారు, కాకపోతే పది నిమిషాలు ఎక్కువ ఆగాలి.

ఇప్పుడు నాన్న ప్రశ్న. కౌంటర్ వెనక నల్లబోర్డు మీద సుద్దతో "హ్యాడక్ ఐస్‌ల్యాండ్, కాడ్ నార్వే" అని రాసుంది. చదివి చెప్తే నాన్న నమ్మలేదు, హార్బర్ ఎదురుగా కనిపిస్తుంటే చేప ఇంకో దేశం నుంచి రావడమేంటి అన్నారు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడని అడిగాను. వాళ్ళ నాన్న ట్రాలర్ల మీద పనిచేసేవారట, పాపం ఆవిడ క్యూ కాస్త ఖాళీ అవ్వగానే బయటికొచ్చి మా పక్కనే కూర్చుని చెప్పారు.

ఇక్కడి పెద్ద బోట్లు బతికిందే ఐస్‌ల్యాండ్ దగ్గరి కాడ్ మీద. ఐస్‌ల్యాండ్ పరాయి బోట్లు చేప పట్టకూడని తన సముద్ర హద్దుని 1958లో 12 మైళ్ళు, 1972లో 50, 1975లో ఏకంగా 200 మైళ్ళు చేసుకుంది. వాళ్ళ కోస్ట్ గార్డ్ వచ్చి వలల తాళ్ళు కోసేసేది, బ్రిటన్ నేవీని పంపింది, చివరికి 1976లో బ్రిటనే తగ్గింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే డాక్ ఖాళీ. ఈలోగా 1973లో బ్రిటన్ యూరప్ కూటమిలో చేరడంతో సముద్రం అందరికీ ఉమ్మడి అయింది, 1983 నుంచి ఏ దేశానికి ఎంత కోటా అన్నది పాత లెక్కల ప్రకారం పంచారు. నా మటుకు నాకు అనిపించింది ఏంటంటే, ఐస్‌ల్యాండ్ వల్ల పోయిన దాన్ని కూడా చాలామంది యూరప్ ఖాతాలోనే వేశారు. అయినా బ్రిటన్ చేరకముందే ఆ కూటమి వాళ్ళు హడావిడిగా "అందరూ అందరి నీళ్ళలో పట్టుకోవచ్చు" అని రూల్ పెట్టుకోవడం కూడా న్యాయం కాదు. 2016లో ఇక్కడ దాదాపు 70 శాతం యూరప్ కూటమి నుంచి బయటికి పోదామనే ఓటేశారంటే ఆ కడుపుమంట అర్థమవుతుంది.

బయటికొచ్చాక ఏమైంది? 2021లో నార్వేతో ఒప్పందం కుదరక హల్‌కి చెందిన కిర్కెల్లా అనే పెద్ద ట్రాలర్ అక్కడికి వేటకి వెళ్ళలేకపోయింది. యూరప్ బోట్లు రావడం ఆగలేదు, 2025 మేలో కుదిరిన ఒప్పందంతో 2038 దాకా రావచ్చు. ఇక్కడి వాళ్ళు పట్టే పీతలు, లంగుస్టిన్లు (రొయ్యల్లాంటివి) ఎక్కువగా కొనేది ఆ యూరప్ వాళ్ళే, 2021 జనవరిలో కాగితాల గొడవతో సరుకు బోర్డర్లో ఆగిపోయింది. పక్క దేశంతో మాటల్లేకపోతే చేప పట్టేవాడికీ కష్టమే, అమ్మేవాడికీ కష్టమే.

రేటు సంగతి కూడా ఇక్కడే తెలిసింది. నార్వే, రష్యాలకి ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో కాడ్ ఎంత పట్టాలో నార్వే, రష్యా ఏటా కూర్చుని తేల్చుకుంటాయి, ఉక్రెయిన్ యుద్ధం నడుస్తున్నా ఆ మీటింగ్ ఆగలేదు. 2025కి 3,40,000 టన్నులకి తగ్గించారు, అప్పటికి 1991 తర్వాత అదే అతి తక్కువ. దానికి తోడు రష్యా చేప మీద బ్రిటన్ 2022లో 35 శాతం అదనపు పన్ను వేసింది. అందుకే 13 పౌండ్లకి నేను షాపుని తిట్టను.

గ్రిల్డ్ మాకెరెల్ కూడా తీసుకున్నాం, మన కానాగంతలకి చుట్టం. కొవ్వు పట్టిన చేప, తోలు మీద నిమ్మకాయ పిండి ఇచ్చారు, నాకైతే హ్యాడక్ కంటే ఇదే నచ్చింది. కానీ బోర్డు మీద దాని పక్కన నీలం రంగు ఎమ్‌ఎస్‌సీ గుర్తు (సముద్రంలో చేప తరిగిపోకుండా పట్టారని ఇచ్చే ముద్ర) లేదు. అది 2019లోనే పోయిందట, ఎందుకంటే నార్వే, ఐస్‌ల్యాండ్, ఫారో దీవులు, యూరప్ వాళ్ళు ఎవరి వాటా వాళ్ళు రాసేసుకుంటే అన్నీ కలిపి సైంటిస్టులు చెప్పిన దానికంటే ఎక్కువైపోతోంది. ఇది వినగానే నాన్న "మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, 61 రోజులు మేం ఆపి పక్కోడు పడితే ఇంకేం మిగుల్తుంది" అన్నారు. తర్వాత చాలాసేపు పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల గురించే మాట్లాడారు. ఆ పెద్దావిడకి నేను ఇంగ్లీషులో చెప్తుంటే ఆవిడ నాన్న చెయ్యి పట్టుకున్నారు.

అర మార్కు తగ్గించింది సీటింగ్‌కి, నాలుగే టేబుళ్ళు, టార్టార్ సాస్‌కి విడిగా డబ్బులు. పన్నెండు లోపే వెళ్ళండి. మేం రెండో ప్లేట్ అడిగేసరికి ఆ బోర్డు మీద హ్యాడక్ తుడిచేసి ఉంది.