ఆయిల్ బావి మడ్‌లోకి ఏది మేలు: వరి ఊకా, పల్లి పొట్టా?

మిర్యాలగూడ మిల్లుల్లో ఊక, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లికాయ ఒలిచాక మిగిలే పొట్టు. వీటితో చమురు బావుల తవ్వకానికి పని ఉందంటే మన దగ్గర చాలామంది నమ్మరు. మనకు తెలిసిన బోరు లారీ నల్లరాతిలో గాలి ఒత్తిడితో దిగుతుంది, దానికి బురద అక్కర్లేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు కోసం తవ్వే పొరలు వేరు. అక్కడ బెంటోనైట్ అనే బంకమట్టి కలిపిన బురదను, అంటే మడ్‌ను, పైపుల్లోంచి పంపుతారు. అది రాతిని తొలిచే మొనను, అంటే బిట్‌ను, చల్లబరిచి, రాతి తునకలను పైకి తెస్తుంది. బరువు కోసం బెరైటు అనే బరువైన ఖనిజం కలుపుతారు. రాయలసీమలోని మంగంపేట గనుల్లో దొరికేది అదే.

మడ్‌తో వచ్చే ఇబ్బందులు ముఖ్యంగా రెండు. పగుళ్లు తగిలితే మడ్ మొత్తం అందులోకి పోతుంది. ఇసుకరాయి తగిలితే మడ్‌లోని నీరు మెల్లగా ఇంకిపోతుంది.

పగుళ్లు మూయడానికి పల్లి పొట్టే నయం. అందులో గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ ఎక్కువ, నానినా తొందరగా మెత్తబడదు. చిన్నా పెద్దా పొట్టు ముక్కలు కలిపి వేస్తే పగులులో ఒకదానికొకటి అడ్డుపడి దారి మూస్తాయి. వాల్‌నట్ చిప్పలను, పత్తి గింజ పొట్టును విదేశాల్లో ఎప్పటి నుంచో ఇందుకే వాడుతున్నారు. పత్తి గింజ పొట్టు మనకూ ఉంది కానీ అది పశువుల దాణా. పాడి రైతుకు దాని ధర పెంచే పని నాకు ఇష్టం లేదు.

నీరు ఇంకకుండా ఆపడానికి మెత్తగా పట్టిన ఊక పనికొస్తుంది, ల్యాబ్ పరీక్షల్లో తేలింది కూడా. కానీ ఇదే పనికి మామూలుగా వాడే సీఎంసీ లాంటి పాలిమర్ కంటే ఎక్కువ మోతాదు వేయాలి, అప్పుడు మడ్ చిక్కబడి పంపుకు భారమవుతుంది. పైగా ఊకలో ఐదో వంతు దాకా బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థమే. పట్టే మిషన్ బ్లేడ్లు ఊరికే అరిగిపోతాయి. ఇక ఊకను కాల్చిన బూడిద మడ్ కన్నా సిమెంటులోకే బాగా పనికొస్తుంది.

రెండింటికీ బ్యాక్టీరియా పట్టి కుళ్లే గుణం ఉంది, మందు కలపక తప్పదు. బాగా లోతుకు వెళ్లి వేడి పెరిగితే రెండూ నిలవవు, అక్కడ సింథటిక్ పాలిమర్లే దిక్కు. కాబట్టి పై పొరలకే వీటిని అనుకోవాలి.

నన్నడిగితే ముందు పల్లి పొట్టుతోనే మొదలుపెట్టాలి. ఊకకు ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లే పెద్ద గిరాకీ. పొట్టుకు ఇటుక బట్టీలు ఇచ్చే ధర మీద మన రైతుకు ఇంకాస్త రావాలని నా ఆశ. అయితే పొట్టును బస్తాల్లో నింపి పంపితే లారీ నిండుతుందే తప్ప బరువు తూగదు, కిరాయే మింగేస్తుంది. కాయ ఒలిచే మిల్లు దగ్గరే ఎండబెట్టి, పట్టించి, జల్లెడ సైజుల వారీగా వేరు చేయాలి. రిగ్గు మీద మడ్ ఇంజినీరు చూసేది ముందు అదే: తేమ ఎంత, ప్రతి బస్తాలో పొట్టు ముక్క ఒకే సైజులో ఉందా లేదా.