చిన్న దళానికి ఏది మేలు: మన్యం కొండా, తెలంగాణ ఊరా?

గెరిల్లా యుద్ధం అనగానే చాలామందికి కొండలు, అడవే గుర్తొస్తాయి. పెద్ద సైన్యాన్ని ఎదిరించాలంటే అడవి పట్టాలి, చెట్టు చాటునుంచి దెబ్బకొట్టి మాయమైపోవాలి అనుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి మన దగ్గరే రెండు పోరాటాలున్నాయి. 1922–24లో అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటం ఒకటి, 1946–51 తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇంకొకటి. మొదటిది కొండల్లో జరిగింది, రెండోది చాలాభాగం చెలకలు, చెరువులు, ఊళ్లు ఉన్న మైదానంలో జరిగింది. రెండు చోట్లా ఎదురుగా ఉన్నది ఎన్నో రెట్లు పెద్ద బలగం, రెండు చోట్లా మనవాళ్ల చేతిలో సరైన తుపాకులు లేవు. నా తీర్పు ముందే చెప్పేస్తా, ఊరే మేలు. కాకపోతే ఆ ఊరు ఎంతకాలం కాపాడుతుందన్నది ఎదురుగా ఉన్నవాడు ఎవడన్నదాని మీద ఆధారపడుతుంది, అసలు పాఠం అక్కడుంది.

ముందు మన్యం. పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలు, ముఠాదార్ల (కొండ ఊళ్ల పెత్తందార్ల) పాత హక్కులకు గండి, గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో కూలి సరిగా ఇవ్వకుండా జనాన్ని పీడించడం, ఇవన్నీ కలిసి రాజుకున్న నిప్పు అది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు పడ్డాయి. 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు చేతికొచ్చాయి. కబురు ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి నడిచి వెళ్లాల్సిన రోజుల్లో, దారులన్నీ తెలిసినవాడు కబురు కంటే ముందే అక్కడికి చేరగలడు, కొండ ఇచ్చిన మొదటి లాభం అదే.

రెండో లాభం సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో కనిపిస్తుంది. ఘాట్ దారిలో బలగం పక్కపక్కన నడవలేదు, ఒకరి వెనక ఒకరు ఎక్కాల్సిందే. రాజు మనుషులు పొదల్లో కదలకుండా కూర్చున్నారు. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను ఏమీ చేయకుండా పోనిచ్చారు, వెనకాల వస్తున్న ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ గురికి అందాక కాల్చారు, ఇద్దరూ అక్కడే చనిపోయారు. దీన్ని జాలి అని మాత్రమే చూస్తే సగమే అర్థమైనట్టు. ఎదుటి బలగంలో జీతానికి వచ్చినవాడికి 'నీతో మాకు గొడవ లేదు' అని తుపాకీతోనే చెప్పడం అది, అలా చెప్పించుకున్న సిపాయి రేపు ఆ ఘాట్ ఎక్కమంటే వెనకాడతాడు. తెల్లదొరలు మొత్తం బలగాన్నీ వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది, మలబార్ స్పెషల్ పోలీసును దింపారు, తర్వాత అస్సాం రైఫిల్స్‌నూ తెచ్చారు.

కానీ కొండకి ఒక లోటుంది, పాటల్లో ఎవరూ చెప్పనిది. కొండలో తుపాకీ పుట్టదు, తూటా పుట్టదు, ఉప్పు కూడా పుట్టదు. మొదటి మూడు స్టేషన్లలో దొరికినట్టు తర్వాత దొరకలేదు. సర్కారు మన్యం స్టేషన్లలో ఆయుధాలు ఉంచడం మానేసింది, అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం మీదికి వెళ్లినప్పుడు జనం నీరాజనాలు పట్టారు గానీ తుపాకులు చేతికి రాలేదు. ముందుగా కబురు పెట్టి మరీ దాడికి వెళ్లే రాజు పద్ధతి జనంలో అతన్ని దేవుణ్ని చేసింది, నిజమే, కానీ పేరు తెచ్చిన ఆ పద్ధతే స్టేషన్లు ఖాళీ చేసుకోవడానికి టైమ్ కూడా ఇచ్చింది, ఈ మాట అనడం నాకు కష్టంగానే ఉంది. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర ఎదురుకాల్పుల్లో మనుషుల్నీ తుపాకుల్నీ పోగొట్టుకున్నాక పోరాటం మునుపటిలా లేదు.

ఇంకో సంగతి, మన్యంలో ఊళ్లు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి. పది గుడిసెల గూడేనికి కొత్తవాడు వస్తే దాచలేరు. ఆ గూడెం గింజలు పట్టుకెళ్లిపోతే దళం పస్తుంటుంది. సర్కారు పట్టుకున్నది సరిగ్గా ఈ కొసనే, గూడేల మీద శిక్ష పన్నులు వేసింది, అన్నం పెట్టినవాళ్లను వేధించింది. 1924లో రూథర్‌ఫర్డ్‌ని స్పెషల్ కమిషనర్‌గా వేశాక ఒత్తిడి ఇంకా పెరిగింది. మే 7న మంప దగ్గర రాజు పట్టుబడ్డాడు, కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చేశారు. నెల తిరిగేసరికి అతని ముఖ్య అనుచరుడు గంటందొరనూ చంపేశారు. రెండేళ్లు కూడా నిండలేదు. ధైర్యం తక్కువై ఓడింది కాదు, వెనకాల నిలబడే చోటు లేక ఓడింది.

ఇప్పుడు తెలంగాణకు వద్దాం. ఇక్కడ కొండ లేదు, నల్లగొండలో దాక్కోవడానికి రాళ్ల గుట్టలు తప్ప ఏముంది? అయినా 1946 జూలై 4న కడవెండిలో భూస్వామి విసునూరు దొర మనుషులు ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్యను కాల్చి చంపాక రేగిన మంట ఐదేళ్లు ఆరలేదు. ఎందుకంటే ఇక్కడ దాక్కున్నది మనుషుల్లో. సంగపోళ్లు, అంటే ఆ సంఘం వాళ్లు, రాత్రికి ఊళ్లోకి వస్తే ఇంటికొకరు చొప్పున బువ్వ పెట్టేవారు, ఏ ఇంటికీ బరువు కాదు. గొర్ల కాపరి పొద్దున గుట్ట మీదినుంచి చూస్తే రోడ్డు మీద ఏ బండి వస్తోందో తెలుస్తుంది, ఆడవాళ్లు గంపల్లో చీటీలు, తూటాలు మోసేవారు, అనుమానం వచ్చినా ఎంతమంది గంపలు వెతుకుతారు? పగలు నాగలి దున్నినవాడు రాత్రి బర్మారు (నాటు తుపాకీ) పట్టేవాడు. వెట్టి పోయింది, దొరల గడీలు ఖాళీ అయ్యాయి. పోరాటాన్ని నడిపిన కమ్యూనిస్టు పార్టీ లెక్కల ప్రకారం 3,000 ఊళ్ల విముక్తి, 10 లక్షల ఎకరాల పంపకం. మన్యంలో రాజు అడిగింది జనం సహాయం, ఇక్కడ జనానికి పంచడానికి దళం దగ్గర భూమి ఉంది. ఈ తేడాని తేలిగ్గా తీసుకోకూడదు. చేతికొచ్చిన రెండెకరాల కోసం మనిషి తన్నులు తింటాడు గానీ నోరు విప్పడు.

పైగా తెలంగాణకు వెన్నుదన్ను ఉంది. సరిహద్దు దాటితే ఆంధ్ర జిల్లాలు, బెజవాడలో పార్టీ. నైజాం మధ్యలో ఇరుక్కున్న మునగాల పరగణా కృష్ణా జిల్లా కింద ఉండేది, నైజాం పోలీసుకి అక్కడ అధికారం లేదు. గాయపడ్డవాడిని దాటించడానికీ, మందుగుండు తేవడానికీ ఒక తలుపు తెరిచి ఉన్నట్టే. మన్యానికి ఈ తలుపు లేదు, దాని నాలుగు వైపులా ఒకే సర్కారు.

మధ్యలో మూడో దారి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే గుండెధైర్యం ఎక్కువున్నవాళ్లు దానికే మొగ్గుతారు. ఊరిని వదలకుండా నిలబడి కాచుకోవడం. బైరాన్‌పల్లి (ఇప్పుడు సిద్దిపేట జిల్లా) అదే చేసింది. ఊరి నడుమ బురుజు ఎక్కి కాపలా కాశారు, రజాకార్లు (నిజాం తరఫు సాయుధ మూకలు) కనపడితే నగారా మోగించేవారు, వడిసెలలు, బర్మార్లతో ఒకసారి కాదు, పలుమార్లు తిప్పికొట్టారు. తిప్పికొట్టిన ప్రతిసారీ ఆ ఊరి పేరు పైవాళ్ల చెవిన పడింది. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లు, నిజాం బలగం కలిసి ఫిరంగులతో వచ్చారు. బురుజు ఎక్కడికీ పోలేదు, ఊరూ ఎక్కడికీ పోలేదు, వంద మంది దాకా చనిపోయారు. ఇంకో మూడు వారాలు ఆగితే నిజామే లొంగిపోయాడు. 1940లో జోడేఘాట్ కొండ మీద కొమురం భీం కథా ఇలాంటిదే, ఎక్కడుంటాడో అందరికీ తెలిసిపోయింది, నిజాం బలగాలు నేరుగా అక్కడికే వచ్చి చంపాయి. బైరాన్‌పల్లి బురుజు ముందు నిలబడితే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ యుద్ధపద్ధతిగా అడిగితే, ఫిరంగి ఉన్నవాడి ముందు చిన్న దళం ఒకచోట నిలబడకూడదు, నా మటుకు ఇందులో రెండో మాట లేదు.

సరే, ఊరే మేలని ఎందుకంత గట్టిగా చెప్పలేకపోతున్నానంటే, 1948 సెప్టెంబరు. 13న భారత సైన్యం దిగింది, 17కి నిజాం చేతులెత్తేశాడు. అంతకుముందు రోజు వరకు ఊరికి శత్రువెవరంటే చిన్నపిల్లాడు కూడా రజాకారు అనేవాడు. రజాకారు పోయాడు. వచ్చిన సైన్యాన్ని చాలా ఊళ్లలో జనం సంతోషంగా ఎదుర్కొన్నారు, గాంధీ, నెహ్రూల సర్కారు అనుకున్నారు. దళం మాత్రం అదే, దాని తుపాకులూ అవే, పోరాడాల్సింది మాత్రం ఈ కొత్తవాళ్లతో. భూమి దొరికిన రైతుకు దున్నుకోవాలనుంది, ఇంకా యుద్ధం చేయాలని లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, అది ఊళ్లలో ఎంత అమలైందన్నది పక్కనపెట్టినా, ఇంకెందుకీ బాధ అనే మాట ఇళ్లలో మొదలైంది. మద్రాసు ప్రభుత్వం ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టుల మీద విరుచుకుపడటంతో ఆ తలుపూ మూసుకుంది.

అప్పుడు దళాలు ఏం చేశాయి? అడవికి వెళ్లాయి. గోదావరి అడవులకు, నల్లమలకు. అంటే ఇరవై ఐదేళ్ల తర్వాత మళ్లీ మన్యం పద్ధతికే వచ్చారు, మళ్లీ అదే గోడకి గుద్దుకున్నారు. సైన్యం కోయ గూడేలను ఖాళీ చేయించి ఒకచోటికి చేర్చింది, దళానికి గింజ అందకుండా. సరిగ్గా అదే కాలంలో మలయాలో బ్రిటిషువాళ్లు బ్రిగ్స్ పథకం పేరుతో 5 లక్షల మందిని కంచె వేసిన ఊళ్లలోకి తరలించి అక్కడి కమ్యూనిస్టు దళాలను ఆకలితో కట్టేశారు. పెద్ద సైన్యాలు ఈ విద్య బాగా నేర్చుకున్నాయి. అడవిలో గెరిల్లాని వెతకడం కష్టం, అతనికి అన్నం పెట్టే మనిషిని పక్కకు జరపడం తేలిక.

1951 ఫిబ్రవరిలో పార్టీ నాయకులు నలుగురు, రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్, రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆయన చెప్పిందాంట్లో రెండు విషయాలు నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తాయి. చైనా దళాలకు వెనక ఆనుకోవడానికి స్నేహితుడైన పొరుగు దేశం ఉంది, మీకు లేదు. మీ దగ్గర రైలు మార్గాలు దట్టంగా ఉన్నాయి, సైన్యం ఎక్కడికంటే అక్కడికి తొందరగా దిగిపోతుంది. అదే సంవత్సరం అక్టోబరు 21న పోరాటాన్ని విరమించారు. అప్పటికి పార్టీ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు 4,000 దాకా.

ఇక్కడే పార్టీలో అసలు తగువు. తెలంగాణ పోరాట నాయకుల్లో ఒకడైన రావి నారాయణరెడ్డి సైన్యం దిగాక ఆపేద్దామన్నాడు, సుందరయ్య, బసవపున్నయ్య సాగిద్దామన్నారు, ఆపితే దొరలు తిరిగొచ్చి భూములు లాక్కుంటారని వాళ్ల వాదన. ఆ భయం ఉత్తది కాదు, దొరలు సైన్యం వెనకాలే ఊళ్లలోకి తిరిగొచ్చారు. అయినా నేను రావి నారాయణరెడ్డి వైపే ఉంటాను. ఊరు దళానికి ఇచ్చిన బలం రజాకారు మీద కోపంతో, భూమి మీద ఆశతో పుట్టింది, కోపం తీరి ఆశ సగం నెరవేరాక అదే ఊరిని ఇంకో మూడేళ్లు యుద్ధానికి అడగడం న్యాయం కాదు. ఊరు పార్టీని వదల్లేదు, తుపాకీని వదిలింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ జనం అదే రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వేసి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పంపారు. మన్యం పోరాటంలో బతికి బయటపడ్డ గాం మల్లుదొర కూడా అదే ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి అదే సభలో కూర్చున్నాడు.